మాచు పిచ్చు సోపానాలు, నల్లమల కాలిబాట: యాత్ర తీర్థయాత్రగా మారేది ఎప్పుడు?

మాఘమాసం ముగియవచ్చే రోజులలో, తెల్లవారుజామున, ఉప్పల్ కూడలిలో రెండు విధాలైన యాత్రికులు కనిపిస్తారు. ఒకరు మెడలో రుద్రాక్షమాల, తలపై ఇరుముడి, పాదరక్షలు లేని కాళ్లతో మెట్రో మెట్లెక్కే శివస్వాములు. వారి గమ్యం ఆత్మకూరు. అక్కడి నుండి నల్లమల అడవి గుండా కాలినడకన శ్రీశైలం. రెండవవారు వీపున పెద్ద సంచీ, కాళ్లకు దృఢమైన బూట్లు, చేతికి అడుగులను లెక్కించే గడియారం ధరించి పర్వతారోహణకు బయలుదేరే యువకులు. భువనగిరి కోటతో మొదలైన వీరి అభిరుచి హిమాలయాల వరకు, ఆపై దక్షిణ అమెరికా ఖండంలోని పెరూ దేశం వరకు విస్తరిస్తున్నది. ఉప్పల్, నాచారం కాలనీలలో అమెరికాలో స్థిరపడిన సంతానం లేని వీధి అరుదు. ఆ బిడ్డలు సెలవులలో తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఇంకా సామ్రాజ్య శిథిలాలను చూపించడం నేడు ఎవరికీ వింతగా తోచదు.

ఈ ఇరువురినీ చూచిన లోకం వెంటనే ఒక తీర్పు చెబుతుంది: మొదటిది పుణ్యం, రెండవది వినోదం. ఆ తీర్పు సులభమైనది. సులభమైనది గనుకనే పరీక్షింపదగినది. యాత్రను తీర్థయాత్రగా మార్చేది గమ్యస్థానమా, నడిచేవాని అంతఃకరణమా? గమ్యమే అయితే శ్రీశైలానికి సరుకులు మోసే లారీ కూడా తీర్థయాత్ర చేసినట్లే. అంతఃకరణమే అయితే ఆండీస్ పర్వతాలలో నడిచేవాడు కూడా తీర్థసేవి కాగలడని అంగీకరించవలసి ఉంటుంది. ఆస్తికులు ఈ రెండవ పర్యవసానాన్ని చూచి వెనుకాడుతారు. వెనుకాడవలసిన అవసరం లేదని, అయితే దానిని అంగీకరించిన పిమ్మట ఒక కఠినమైన బాధ్యత వారిపైననే పడుతుందని నిరూపించడం ఈ వ్యాసపు ప్రయోజనం.

రెండు ప్రాచీన మార్గాలు

ఇంకా ప్రజలు ఇనుము ఎరుగరు; బండిచక్రాన్ని వాడలేదు. అయినను 30,000 కిలోమీటర్లకు మించిన రహదారుల జాలాన్ని పర్వతాలపై నిర్మించారు. కొండ శిలను చెక్కి మెట్లుగా మలిచారు, లోయలపై గడ్డితో పేనిన వంతెనలు వేలాడదీశారు. ఆ జాలంలో ఒక చిన్న పాయయే నేడు ప్రపంచ యాత్రికులు నడిచే ‘ఇంకా మార్గం’. సుమారు 43 కిలోమీటర్లు, నాలుగు దినాల నడక. రెండవ దినాన 4,215 మీటర్ల ఎత్తున ఉన్న కనుమను దాటాలి. అక్కడ ప్రాణవాయువు పలచబడి, పది అడుగులకొకసారి నిలబడక తప్పదు. నాలుగవనాటి ఉదయం ‘ఇంతి పుంకు’ అనే సూర్యద్వారం చేరగానే క్రింద మాచు పిచ్చు కనబడుతుంది. పదునైదవ శతాబ్దంలో పచాకుతి చక్రవర్తి కాలంలో నిర్మితమైన ఆ నగరం నూరేళ్లు గడవక మునుపే నిర్జనమైనది. 1532లో స్పెయిన్ సేనలు ప్రవేశించాయి. 1572 నాటికి ఇంకా రాజ్యపు చివరి ఆశ్రయస్థానం కూడా కూలిపోయినది.

ఆ జనులు సూర్యుని ‘ఇంతి’ అని, భూమిని ‘పచమామ’ అని అర్చించారు. ప్రతి మహాపర్వతమూ వారికి ‘అపు’, అనగా రక్షించే ప్రభువు. రాజ్యం నశించినను ఈ భావం నశించలేదు. నేటికీ కెచువా భాషీయుడైన పర్వతవాసి మూడు కోకా ఆకులను వ్రేళ్ల నడుమ పట్టుకొని, కొండవైపు తిరిగి, ఊపిరి ఊది సమర్పిస్తాడు. హిమవంతుని దేవతాత్మగా, అరుణాచలాన్ని సాక్షాత్తు శివునిగా, శేషాద్రిని ఆదిశేషునిగా భావించే సంప్రదాయానికి ఇది పరాయి భాష కాదు.

ఇక తెలుగునేల మీది మార్గం. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నేడు ఎక్కువమంది నడిచే దారి ఆత్మకూరు సమీపాన వెంకటాపురం వద్ద మొదలై నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలనుల మీదుగా కైలాసద్వారం చేరుతుంది. నాగలూటి వద్ద ప్రాచీనమైన వీరభద్రాలయం అడవిలో ఒంటరిగా నిలిచి ఉన్నది. భీముని కొలను లోయలోనికి దిగే రాతిమెట్లు, మరల ఆవలి కొండనెక్కే మెట్లు అలసిన మోకాళ్లకు అసలైన పరీక్ష. పదునాల్గవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబలానికీ సోపానాలు కట్టించిన విషయం శాసనప్రసిద్ధం. అనగా మాచు పిచ్చు పునాదులకంటె ఒక శతాబ్దం ముందే తెలుగువారు కొండను మెట్లుగా మలిచి యాత్రికుని పాదాలకు అప్పగించారు.

అడవి, రాతిమెట్లు, శిథిలాలయాలు, అంత్యంలో ఒక ద్వారం: రెండు మార్గాల రూపరేఖ ఒక్కటే. 1983లోనే మాచు పిచ్చు ప్రపంచ వారసత్వ స్థలమైనది. ఆ ఏడే నల్లమల పులుల సంరక్షణ ప్రాజెక్టులో చేరినది. భేదం ఒక్కటి. అక్కడ ద్వారం దాటినవానికి శూన్యమైన నగరం కనిపిస్తుంది. ఇక్కడ ద్వారం దాటినవాని కోసం గంట మ్రోగుతూ ఉంటుంది.

పుణ్యం నేలలో ఉన్నదా?

తీర్థమంటే తరింపజేసేది. మహాభారత వనపర్వంలో పులస్త్య మహర్షి భీష్మునికి తీర్థాల ఫలాన్ని వివరించే ముందు ఒక నిబంధన పెడతాడు. చేతులు, పాదాలు, మనస్సు ఎవనికి వశంలో ఉన్నవో, అహంకారం ఎవనిని విడిచినదో వానికే తీర్థఫలం లభిస్తుందని ఆయన మాట. మరొక మాట కూడా అక్కడే ఉన్నది. యజ్ఞాలకు ధనం, ఉపకరణాలు, పరివారం కావాలి. దరిద్రునికి అవి దుర్లభం. కనుక దరిద్రుడు కూడా చేయగలిగిన యజ్ఞంగా తీర్థగమనం విధింపబడినది. కాశీఖండం ఇంకొక అడుగు ముందుకు వేసి సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం, దయ మొదలైనవాటినే మానసతీర్థాలుగా ఎన్నినది.

ఈ ప్రమాణాలను ఒకచోట చేర్చి చూచినప్పుడు తేలేది ఇది: క్షేత్రమహిమ సత్యమే, కానీ దానిని గ్రహించే పాత్ర యాత్రికుడే. వర్షం అంతటా కురిసినా బోర్లించిన కుండలో నీరు నిలువదు.

ఇక్కడ అద్వైతాభిమాని ఒక ఆక్షేపం చేయగలడు: ‘ఆత్మ సర్వవ్యాపి కదా! నాచారంలో లేని పరమాత్మ నల్లమలలో ఉంటాడా? నడక దేనికి?’ ఈ ప్రశ్నకు శంకర భగవత్పాదుల జీవితమే సమాధానం. ఆత్మ సర్వవ్యాపి అని అందరికంటె నిష్కర్షగా చెప్పిన ఆ మహనీయుడే ఆసేతుహిమాచలం కాలినడకన సంచరించాడు. శ్రీశైలంలో తపస్సు చేశాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన పేర వెలసిన శివానందలహరి శ్రీగిరి మల్లికార్జునుని స్మరిస్తుంది. నడక ఆత్మను పుట్టించదు. ఆత్మకు అడ్డుగా నిలిచిన దేహాభిమానాన్ని అరగదీస్తుంది. మూడవనాటి సాయంకాలం, కాళ్లు బొబ్బలెక్కి, తోటివాడు పోసిన గంజినీళ్ల కోసం చేయి చాచిన క్షణంలో అపార్ట్‌మెంటు యజమాని, కంపెనీ మేనేజరు, విశ్రాంత అధికారి అనే ఉపాధులన్నీ జారిపోతాయి. తితిక్ష అనే మాట గ్రంథంలో నుండి దేహంలోనికి దిగేది అప్పుడే.

అయితే అదే అలసట పెరూలోని కనుమ వద్ద కూడా కలుగుతుంది కదా? కలుగుతుంది. అందుకే ఆ నడకను తేలికగా తీసివేయడం ధర్మం కాదు. పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ భువనగిరి శిలపై శిక్షణ పొంది, 2014 మే 25న, పదునాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు శిఖరంపై నిలిచినది. ఆ ధైర్యానికి, ఆ నియమానికి నమస్కరించనివాడు తపస్సు అనే పదాన్ని ఎరుగనివాడే. భేదమున్నది ప్రయాసలో కాదు. ఆ ప్రయాసను ఎవరికి అర్పించారు అన్న దానిలో. గీత పదునేడవ అధ్యాయం తపస్సును కూడా మూడుగా విభజించినది. సత్కారం కోసం, గౌరవం కోసం, దంభంతో చేసినది రాజసం; దాని ఫలం అస్థిరం. శిఖరంపై తీసిన ఛాయాచిత్రం ఎందరు మెచ్చారో చూచుకోవడానికే ఎక్కినవాడు, కాషాయం ధరించి అదే పని చేసినవాడు, ఇరువురూ ఒకే తరగతివారు.

నూరు పూసల మాల

ఉప్పల్‌లో భారత సర్వేక్షణ విభాగం వారి శిక్షణ సంస్థ ఉన్నది. కొండల ఎత్తును, దారుల పొడవును కొలిచే విద్య అక్కడ బోధింపబడుతుంది. ఆ విభాగపు చరిత్రలో నైన్ సింగ్ రావత్ అనే మహానుభావుడు ఉన్నాడు. విదేశీయులకు ప్రవేశం లేని టిబెట్టులోనికి 1865లో యాత్రికుని వేషంలో వెళ్లి, లాసా వరకు దారిని కొలిచి వచ్చాడు. ఆయన సాధనం ఒక జపమాల. సాధారణ మాలలో 108 పూసలు; ఆయన మాలలో 100 మాత్రమే. నూరు అడుగులకు ఒక పూస జరిపేవాడు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు. వ్రాసిన లెక్కలు ప్రార్థనాచక్రం లోపల దాగి ఉండేవి.

దేశసేవలో, విజ్ఞానసేవలో ఆ మాల చేసిన పని మహత్తరం. అయినను వేదాంత విద్యార్థికి అది ఒక దృష్టాంతాన్ని అందిస్తున్నది. బయటినుండి చూచేవానికి జపం చేసే చేయి, దూరం కొలిచే చేయి ఒక్కలాగే కనిపిస్తాయి. తీసివేసిన ఎనిమిది పూసలలోనే రెండింటి నడుమ ఉన్న అంతరమంతా ఉన్నది. నేటి చేతిగడియారం కూడా రోజుకు పదివేల అడుగులనే లక్ష్యంగా పెడుతున్నది. శివదీక్షాపరుడు సైతం నాగలూటి చేరగానే ఎన్ని కిలోమీటర్లు అయినవని చూచుకుంటున్నాడు. లెక్క తప్పు కాదు. లెక్క ముగిసిన తరువాత ఆ ఎనిమిది పూసలు మిగిలి ఉన్నాయా అన్నదే ప్రశ్న.

మార్గదర్శి ఎవరు?

2001 నుండి ఇంకా మార్గంలో మార్గదర్శి లేకుండా ఎవరినీ నడవనివ్వరు. మార్గదర్శి అవసరాన్ని ఉపనిషత్తు ఏనాడో గుర్తించినది. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు గాంధార పురుషుని కథ చెబుతాడు. కళ్లకు గంతలు కట్టి గాంధార దేశం నుండి తెచ్చి నిర్జనారణ్యంలో విడిచిన వ్యక్తి దిక్కుతెలియక అరుస్తాడు. దయాళువు ఒకడు వచ్చి గంతలు విప్పి, గాంధారం ఈ దిక్కున ఉన్నది, ఇటు వెళ్లు అని చెబుతాడు. ఆపై ఆ మనిషి ఊరూరా అడుగుతూ, తన బుద్ధితో తాను వివేచిస్తూ స్వదేశం చేరుకుంటాడు.

ఇందులో గురువు చేసిన పనులు రెండే: గంతలు విప్పడం, దిక్కు చూపడం. మోయడం ఆయన పని కాదు. నేటి ప్యాకేజీ యాత్రలు, అవి పెరూవైనా కేదారమైనా, ఈ క్రమాన్ని తలక్రిందులు చేశాయి. సామాను మోస్తారు, వంట చేస్తారు, గుడారం వేస్తారు, ఏ శిలవద్ద ఎంతసేపు నిలబడాలో చెబుతారు. గంతలు మాత్రం విప్పరు. కాశీలో మూడు పగళ్లు, గయలో ఒక పూట, మధ్యలో దుకాణాలు అని ముద్రించిన పత్రంతో నడిచే తీర్థయాత్ర కూడా ఇదే కోవలోనిది.

మార్గదర్శిని మరచిపోవడం మరొక దోషం. 1911 జూలై 24న మాచు పిచ్చును ‘కనుగొన్న’ కీర్తి హైరమ్ బింగమ్ అనే అమెరికా ఆచార్యునికి దక్కినది. ఆయనకు దారి చూపినవాడు మెల్చోర్ ఆర్తియాగా అనే స్థానిక కర్షకుడు. ఆ కొండపైన అప్పటికే కొన్ని కుటుంబాలు సేద్యం చేసుకుంటున్నాయి. తమ ఇంటి పెరటిని ఎవరో కనుగొన్నారని వారు విన్నారు. నల్లమలలో ఆర్తియాగా స్థానం చెంచులది. తరతరాలుగా యాత్రికులను అడవి దాటించినవారు వారే. వారికి శ్రీశైలేశుడు చెంచు మల్లయ్య, తమ ఆడబిడ్డను పెండ్లాడిన ఇంటి అల్లుడు. ప్రతి శివరాత్రికీ ఆ అల్లుని చూడటానికి వేలాదిగా వచ్చే నగరవాసులలో ఆ మామగారి ఇంటి వారిని పలుకరించేవారు ఎందరు?

బరువు ఎవరిపైన?

ఇక ఆస్తికలోకం వినడానికి ఇష్టపడని మాట. పెరూ ప్రభుత్వం ఇంకా మార్గంలో దినానికి 500 మందికి మించి అనుమతించదు. మార్గదర్శులు, మూటలు మోసేవారు ఆ సంఖ్యలోనే చేరి ఉంటారు. ప్రతి ఫిబ్రవరిలో మార్గాన్ని మూసివేసి కొండకు విశ్రాంతినిస్తారు. మూటలు మోసేవారి రక్షణకై 2001లో చట్టం చేసి, బరువుకు 20 కిలోల పరిమితి విధించారు. అన్ని చోట్లా అది సక్రమంగా అమలవుతున్నదని కాదు. కానీ మోసేవాని వెన్నెముక కూడా యాత్రలో భాగమని ఆ దేశపు శాసనం అంగీకరించినది.

పూజ లేని శిథిలానికి అంతటి నియమం ఉన్నది. నిత్యపూజ జరిగే క్షేత్రానికి వెళ్లే దారిలో ఏమి ఉన్నది? ఉత్సవదినాలు ముగిసిన తరువాత నల్లమల కాలిబాట వెంట నీళ్ల సీసాలు, పలుచని ప్లాస్టిక్ సంచులు, విస్తళ్లు. పాడుబడిన గుడులలో గుప్తనిధుల కోసం త్రవ్విన గోతులు. చైత్ర పౌర్ణమి వేళ కొద్దిదినాలు మాత్రమే తెరిచే సలేశ్వరం లోయలోనూ ఇదే దృశ్యం. కేదారమార్గంలో 2022 యాత్రాకాలంలో విశ్రాంతి లేక అనేక కంచరగాడిదలు నేలకొరిగిన సంగతి దేశమంతటా చర్చకు వచ్చినది. పశుపతిని దర్శించడానికి పశువు ప్రాణం తీయడాన్ని ఏ ఆగమం అంగీకరించినది?

‘మాది భక్తి, వారిది వినోదం’ అనే వాక్యం ఇక్కడ నిలువదు. వినోదార్థులు పాటించే సంయమాన్ని భక్తులు పాటించకపోతే, శౌచం, అహింస అనే యమనియమాలు ఎవరి సొత్తు అయినట్లు?

భారతీయ వాఙ్మయంలో అత్యంత ప్రసిద్ధమైన పర్వతయాత్ర పాండవుల మహాప్రస్థానం. ద్రౌపది మొదలుకొని భీముని వరకు ఒక్కొక్కరే పడిపోయారు. ప్రజ్ఞాగర్వం, రూపగర్వం, శౌర్యగర్వం, బలగర్వం: పడినవాటికి ఇటువంటివి కారణాలని ధర్మరాజు చెప్పాడు. చివరకు మిగిలిన ఆయనకు ఇంద్రుడు రథం తెచ్చి, వెంట వచ్చిన కుక్కను విడిచి ఎక్కమన్నాడు. ధర్మజుడు నిరాకరించాడు. ఆశ్రయించి వెంట నడిచిన ప్రాణిని తన సుఖం కోసం వదలనన్నాడు. గమనింపదగిన విషయం: శిఖరాగ్రంలో జరిగిన పరీక్ష శిఖరానికి సంబంధించినది కాదు. ఎంత ఎత్తు ఎక్కావని ఎవరూ అడుగలేదు. వెంట నడిచినదానిని ఏమి చేశావని మాత్రమే అడిగారు.

డోలీ మోసేవాడు, మూట మోసేవాడు, దారి చూపిన చెంచు, బరువు మోసిన మూగజీవం, అడుగుల క్రింది అడవి: వెంట నడిచేవారంటే వీరే. రథం ఎక్కే ముందు వీరి లెక్క తేలాలి.

చేయదగినది

ఉప్పల్, నాచారం పరిసరాలలోని సత్సంగాలకు, దీక్షా బృందాలకు ఇది అసాధ్యమైన పని కాదు. ఉప్పల్ నుండి వరంగల్ రహదారి వెంట యాదగిరిగుట్ట వరకు, 50 కిలోమీటర్లకు పైబడిన దూరం, నడిచి వెళ్లే భక్తులు నేటికీ ఉన్నారు. నియమం ఆ చిన్న యాత్రతోనే మొదలు కావచ్చు. ఎవరి మూట వారు మోయాలి. తీసుకొనిపోయిన ప్రతి వస్తువు ఖాళీదైనా ఇంటికి తిరిగి రావాలి. మజ్జిగ పోసిన ఊరివాని పేరు అడిగి తెలుసుకోవాలి. డోలీ తప్పనిసరియైన వృద్ధులు మోసేవారితో బేరమాడకూడదు. అది దక్షిణ, కూలి కాదు. నల్లమలలో నడిచే బృందం ఒక్క దినం ఎక్కువగా కేటాయించి, వచ్చిన దారినే శుభ్రం చేస్తూ తిరిగి నడిస్తే, ఆ తిరుగు నడక దర్శనానికి తీసిపోదు.

పెరూ వెళ్లగలిగినవారు నిశ్చింతగా వెళ్లవచ్చు. అక్కడి కొండ కూడా ఒకప్పుడు ఎవరికో దైవం. ఇప్పటికీ మూట మోసే ఆ కెచువా మనిషికి దైవమే. అతడు మూడు ఆకులు పట్టుకొని కొండవైపు తిరిగినప్పుడు ఛాయాచిత్రం తీయక, ప్రక్కన నిలిచి చేతులు జోడించినవాడు శిథిలాన్ని చూచినవాడు కాడు, తీర్థం సేవించినవాడు. శ్రీశైలానికి నడిచి, భీముని కొలనులో సీసా విసిరి, శిఖరదర్శనంతో జన్మరాహిత్యం లభించినదని సంతోషించేవాడు ఏమి సేవించాడో అతడే విచారించుకోవాలి.

శివార్పణమస్తు.